ఆ 18 రకాలు ఎవరి కోసం?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉప్పల్‌లో మీరూ మీ ఆయనా నాలుగేళ్ళుగా ఐదు రకాలు అమ్ముతున్నారు: సున్నిపిండి, మందార నూనె, కుంకుడు షాంపూ, కలబంద జెల్, లిప్ బామ్. ఇప్పుడు 22 షాపులున్న ఒక బ్యూటీ చైన్ పిలిచి, పూర్తి ర్యాక్ ఇస్తాం గానీ దసరాకల్లా 18 రకాలు ఉండాలి అంటోంది. దసరాకి 14 వారాలుంది. చేతిలో 12 లక్షలు, మిగతాది లోన్. సోమవారం మీటింగ్. ఒప్పుకోవాలా అని అడిగారు.

ఒప్పుకోకండి. అలాగని వద్దనీ చెప్పకండి. ఆ రెండింటికీ మధ్య ఏముందో కింద రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు నా సంగతి. 2001లో పంజాగుట్టలో ఒక పెద్ద షాపులో కౌంటర్ దగ్గర నిలబడి లిప్‌స్టిక్‌లు అమ్మే అమ్మాయిగా మొదలుపెట్టాను. తర్వాత సూపర్‌వైజర్, ఆ తర్వాత ఒక చైన్‌లో ఆరేళ్ళు బయ్యర్, అంటే షాపుల్లోకి ఏ సరుకు తీసుకోవాలో తేల్చే మనిషిని. అటునుంచి ఇటొచ్చి ఒక చిన్న బ్రాండ్‌లో సప్లై మొత్తం చూశాను. అంటే మిమ్మల్ని ఇప్పుడు అడుగుతున్న మాట నేనూ ఆరేళ్ళు చాలామందిని అడిగాను. దాని ఫలితం ఎలా ఉంటుందో తర్వాత అవతల కూర్చుని అనుభవించాను కూడా.

బయ్యర్ మిమ్మల్ని 18 రకాలు ఎందుకు అడుగుతున్నారంటే, మీ సరుకు మీద ప్రేమతో కాదు, మిమ్మల్ని ముంచాలనీ కాదు. ఆయన దగ్గర మూడడుగుల ర్యాక్ ఒకటి ఖాళీ అవుతోంది. బహుశా ఎవరో బ్రాండ్ వాళ్ళు అమ్మకాల్లేక వెళ్ళిపోతున్నారు. ఆ ర్యాక్‌లో ఐదారు అరలుంటాయి. మీ ఐదు రకాలు పెడితే ఒకటిన్నర అర నిండుతుంది. మిగతా అరలు బోసిగా ఉంటే స్టోర్ మేనేజర్ ఊరుకోడు, పైవాళ్ళు ఫొటో తీసి పంపుతారు. బయ్యర్‌కి ఉండే టార్గెట్ అడుగుకి ఎంత అమ్మకం అన్నది. దానికి తోడు ప్రతి కొత్త రకానికీ లిస్టింగ్ ఫీజు అని బ్రాండ్ వాళ్ళు కట్టేది ఒకటి వస్తుంది, అదీ ఆయన లెక్కలో ఆదాయమే. ఇన్ని కలిస్తే ఆయన నోటి వెంట వచ్చే మాట ఒకటే: "రేంజ్ పెంచండి మేడమ్." ఆ మాట నేనెన్నిసార్లు అన్నానో! రేంజ్ పెంచితే అమ్మకం పెరుగుతుందా అని ఒక్కసారీ లెక్క వేసి చూడలేదు. వేయాల్సిన అవసరం నాకు లేదు కూడా. సరుకు సేల్ ఆర్ రిటర్న్ మీద వచ్చేది, అమ్ముడవకపోతే వెనక్కి పంపేదాన్ని. నా జేబులోంచి పోయేది ఏమీ లేదు.

మీ దగ్గరున్న లెక్క వేద్దాం. మీరు రాసిన అంకెలే తీసుకుంటున్నాను. కొత్తవి 13 రకాలు. థర్డ్ పార్టీ తయారీదారు (మీ పేరుతో సరుకు చేసిచ్చేవాడు) ఒక్కో రకానికి 2,000 పీసులు తక్కువైతే చెయ్యనన్నాడు. సగటున పీసుకి 75 రూపాయలు. అంటే 26,000 పీసులు, 19 లక్షల 50 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో మూడున్నర లక్షలు. మొత్తం 23 లక్షలు చేతి నుంచి పోతాయి. ఇంకా టెస్టింగ్ ఖర్చులు కలపలేదు.

ఇప్పుడు చైన్ ఇచ్చే మొదటి ఆర్డర్: షాపుకి రకానికి 12 పీసులు. 13 రకాలు, 22 షాపులు. గుణిస్తే 3,432.

ఇంకోసారి చూడండి. 26,000 చేయించి, 3,432 పంపుతారు. మిగిలిన 22,568 పీసులు ఎక్కడ పెడతారు? మీ ఇంటి పై పోర్షన్‌లోనా? రేకుల కప్పు కింద మే నెలలో ఎంత వేడి ఉంటుందో మీకే తెలుసు.

పంపిన వాటికి వచ్చేదెంత? ఎమ్మార్పీ 399 అనుకుందాం. జీఎస్టీ తీసేస్తే 338. చైన్ మార్జిన్ 40 శాతం పోతే మీకు 203. మొదటి బిల్లు సుమారు 7 లక్షలు. అదీ సేల్ ఆర్ రిటర్న్ కాబట్టి, అమ్ముడైన దానికే, 75 నుంచి 90 రోజుల తర్వాత. అందులోంచి డెబిట్ నోట్లు, అంటే చైన్ మీ పేర రాసే కోతలు, తగ్గుతాయి. టెస్టర్లకి, డ్యామేజీకి, ఆషాఢం డిస్కౌంట్‌లో మీ వాటాకి, ఎండ్ క్యాప్‌లో (వరస చివర అందరికీ కనపడే అరలో) పెట్టినందుకు. ఎండ్ క్యాప్‌లో పెట్టమని మీరు అడిగి ఉండరు. అయినా నోటు వస్తుంది.

అమ్మకం బాగుంటే? షాపుకి వారానికి రకానికి రెండు పీసులు పోయాయనుకోండి. ఎవరికీ తెలియని బ్రాండ్ కొత్త సీరమ్‌కి అది మంచి అమ్మకమే. 22 షాపుల్లో వారానికి 44. రెండేళ్ళ ఎక్స్‌పైరీ ఉన్న సరుకు మీ గోడౌన్ నుంచి దాదాపు ఎనిమిది నెలల్లో బయటపడాలి, ఎందుకంటే ఆయుష్షులో మూడింట రెండొంతులు మిగిలి ఉంటేనే చాలా చైన్లు తీసుకుంటాయి. ఎనిమిది నెలలంటే 35 వారాలు. 35 ఇంటూ 44, 1,540. అంటే బాగా అమ్మినా ప్రతి రకంలో 460 మిగులుతాయి. వారానికి రెండు కాకుండా రెండు వారాలకి ఒకటి పోతే? 385 అమ్మి, 1,600 పైచిలుకు పెట్టుకుని కూర్చుంటారు. ఒక్క రకంలో. ఇలాంటివి 13.

ఇక్కడ చాలామంది సీఏలు కూడా ముందుగా చెప్పని ముడి ఒకటి ఉంది. తయారీదారుకి కట్టిన మూడున్నర లక్షల జీఎస్టీ మీకు క్రెడిట్‌గా వస్తుంది నిజమే, కానీ మీ అమ్మకాల మీద కట్టాల్సిన జీఎస్టీలోంచే అది తగ్గించుకోగలరు. ఎక్స్‌పైరీ అయి పారేస్తే, పారేసిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ తిరిగి కట్టాలి. చైన్ వాళ్ళకి బిల్లు వేసి పంపిన సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోట్ ఇచ్చి పన్ను తగ్గించుకోవచ్చు. దానికీ గడువుంది: బిల్లు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30. ఆ తేదీ దాటాక వచ్చిన రిటర్న్‌కి మీరు కట్టిన పన్ను పోయినట్టే. ఈ దసరాకి పంపింది వచ్చే ఏడాది డిసెంబర్‌లో "నియర్ ఎక్స్‌పైరీ" అని తిరిగొస్తే సరుకూ పోయె, పన్నూ పోయె.

ఇంకో సంగతి, మీ సరుకుకే సంబంధించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి తలనూనె, షాంపూ 5 శాతంలోకి వచ్చాయి. మీకు బాగా పోయే రెండూ అవే. బయ్యర్ లిస్టులో ఉన్నవేమో నియాసినమైడ్ సీరమ్, విటమిన్ సి సీరమ్, ఫేస్ వాష్, లిక్విడ్ లిప్‌స్టిక్‌లు. ఇవన్నీ ఇంకా 18 శాతంలోనే ఉన్నాయి. తక్కువ పన్నుతో సాఫీగా నడిచే దాన్ని వదిలి, ఎక్కువ పన్ను, ఎక్కువ పోటీ ఉన్నచోటికి మిమ్మల్ని తోస్తున్నారు.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఇంతకంటే పెద్ద ఇబ్బంది క్యాలెండర్‌ది. కొత్త ఫార్ములా నిలబడుతుందో లేదో చూడాలంటే 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో కనీసం మూడు నెలలు ఉంచి చూస్తారు, దీన్నే స్టెబిలిటీ టెస్ట్ అంటారు. బ్యాక్టీరియా, ఫంగస్ తట్టుకుంటుందా అన్న చాలెంజ్ టెస్ట్‌కి 28 రోజులు, అది పక్కనే నడుస్తుంది కాబట్టి ఫర్వాలేదు. ఆ సీసాలోనే, ఆ పంపుతోనే, ఆ మూతతోనే పెట్టి చూడాలి. డబ్బు ఎంత పోసినా మూడు నెలలు మూడు నెలలే. 13 వారాలు దానికే. మిగిలిన ఒక్క వారంలో ఫార్ములా ఖాయం చేసుకోవడం, కార్టన్ల ప్రింటింగ్, తయారీ, రవాణా అయిపోవాలి! కావు కాబట్టి ఏదో ఒకటి వదిలేస్తారు. ఎప్పుడూ వదిలేసేది టెస్టే. ఎందుకంటే అది వదిలేసినట్టు ఆ రోజు ఎవరికీ కనిపించదు.

మేం వదిలేశాం. నేను బ్రాండ్ వైపు ఉన్నప్పటి మాట. తేనె, పసుపు ఫేస్ వాష్. బయ్యర్‌కి దసరా, మాకు ఆరు వారాలు. వేడిలో పెట్టి నెల రోజులు చూశాం, బాగానే ఉంది. వెలుతురులో పెట్టి చూడలేదు. పసుపు రంగు అందంగా కనపడాలని పారదర్శకమైన సీసా ఎంచుకున్నాం. డిసెంబర్‌లో కూకట్‌పల్లి షాపుకి వెళ్ళి చూస్తే, అర ముందు వరసలో సీసాలు గంజినీళ్ళలా ఉన్నాయి. వాటి వెనక వరస లేత పసుపు. మూడో వరస మేం పంపినట్టే చక్కటి పసుపు. లైట్ ఎంత తగిలితే అంత వెలిసిపోయింది. పసుపులోని కర్కుమిన్‌కి వెలుతురు పడదని మా కెమిస్ట్‌కి తెలియక కాదు, అడిగే టైమ్ మేం ఇవ్వలేదు. నేను నిలబడి ఉండగానే ఒకావిడ ముందు సీసా తీసి, వెనక సీసా తీసి, రెండూ పక్కపక్కన పట్టుకుని చూసి, రెండూ పెట్టేసి వెళ్ళిపోయింది. ఏది పాతదో, ఏది కల్తీదో ఆమెకేం తెలుసు! 4,000 పైచిలుకు సీసాలు వెనక్కి వచ్చాయి. వాటితోపాటు అర ఖాళీగా ఉంచినందుకు డెబిట్ నోట్ కూడా. ఆ నోట్ మీద సంతకం, బయ్యర్ ఉద్యోగంలో నేనే ట్రైనింగ్ ఇచ్చిన కుర్రాడిది.

మీ తయారీదారు "మా దగ్గర రెడీ ఫార్ములాలున్నాయి, స్టెబిలిటీ ఎప్పుడో అయిపోయింది, మీ లేబుల్ వేసుకోవడమే" అంటాడు. సగం నిజమే. ఆ ఫార్ములా మరో సీసాలో నిలబడి ఉండొచ్చు, మీ సీసాలో కాదు. రిపోర్ట్ చూపించమనండి, ఏ ప్యాకింగ్‌లో చేశారో అందులో ఉంటుంది. రెండోది, అదే సీరమ్ ఇంకో పదిమంది పేర్లతో అదే షాపులో ఉంటుంది. మీ సున్నిపిండి కోసం వచ్చిన మనిషి అది కొనడానికి కారణం ఏముంటుంది? పైగా ఏ సీరమ్ పోతోందో చైన్‌కి మీకంటే ముందు తెలుస్తుంది. చాలా పెద్ద చైన్లకి ఇప్పుడు సొంత బ్రాండ్లున్నాయి. బాగా పోయే రకాన్ని రేపు వాళ్ళే వంద రూపాయలు తక్కువకి మీ పక్కనే పెడతారు. అది వాళ్ళ వ్యాపారం, తప్పని అనను.

లైసెన్సు విషయం క్లుప్తంగా: కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారులిస్తారు, మనకి వెంగళ్‌రావు నగర్‌లోని డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్. మీ తయారీదారు లైసెన్సులో క్రీములు ఉండి లిప్‌స్టిక్ లేకపోవచ్చు. కాగితం కళ్ళతో చూడండి. నోటిమాట నమ్మి లేబుళ్ళు ప్రింట్ చేయించకండి.

"అందరూ రేంజ్ పెంచుతున్నారు కదా" అని మీ ఆయన అన్నారని రాశారు. ఈ పిచ్చి ఎక్కువగా ఎక్కడ ముదిరిందో చెప్తాను. 2017 సెప్టెంబర్‌లో గాయని రిహానా బ్రాండ్ ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 షేడ్ల ఫౌండేషన్‌తో సెఫోరా అనే బ్యూటీ షాపుల చైన్‌లో దిగింది. నల్లటి చర్మానికి షేడ్లే దొరకని చోట అది గొప్ప పనే, జనం ఎగబడి కొన్నారు. అక్కడినుంచి ప్రపంచమంతా కొలబద్ద అదే అయింది. 2018 జనవరిలో టార్ట్ అనే అమెరికా బ్రాండ్ ఫౌండేషన్ తెస్తే షేడ్లు చాల్లేదని ఎంత తిట్టారంటే కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కానీ ఈ కథ చెప్పేవాళ్ళు ఒక్క సంగతి వదిలేస్తారు. అప్పుడు ఫెంటీ వెనకున్నది ఎల్వీఎంహెచ్ అనే పెద్ద ఫ్రెంచ్ కంపెనీ. సెఫోరా సొంతదారు కూడా ఎల్వీఎంహెచ్. సరుకూ వాళ్ళదే, అరా వాళ్ళదే. నెమ్మదిగా పోయే షేడ్లని ఎన్నాళ్ళు అరలో ఉంచాలో వాళ్ళిష్టం. మీకు ఆ సౌకర్యం లేదు, మూడు నెలల్లో పోకపోతే డబ్బా కట్టి పంపేస్తారు.

మన దగ్గర పెద్ద ఉదాహరణ కావాలంటే మామాఎర్త్ కంపెనీ హొనాసాని చూడండి. 2023 నవంబర్‌లో స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. 2024 సెప్టెంబర్ త్రైమాసికంలో నష్టం చూపించింది. సూపర్‌స్టాకిస్టులని (కంపెనీకీ డిస్ట్రిబ్యూటర్లకీ మధ్య ఉండేవాళ్ళని) తప్పించి నేరుగా డిస్ట్రిబ్యూటర్లకి మారే క్రమంలో సరుకు వెనక్కి తీసుకుని సర్దుబాటు చేసుకోవాల్సి వచ్చిందని కంపెనీయే చెప్పింది. వాళ్ళది మీ కథ కాదు, పంపిణీ కథ. అయినా నేర్చుకోవాల్సింది ఉంది: మీరు బిల్లు వేసింది ప్రైమరీ సేల్ (షాపు వాళ్ళకి పంపిన లెక్క) మాత్రమే, కౌంటర్ మీద బిల్లు కొట్టే దాకా అది అమ్మకం కాదు. వాళ్ళకి తట్టుకునే డబ్బుంది, ఆ గుంట పూడ్చుకున్నారు. మనకి 12 లక్షలు, ఇంటి కాగితాలు.

సరే, సోమవారం ఏం చెప్పాలి?

ర్యాక్ మొత్తం వద్దనండి, రెండు అరలు అడగండి. "మీకు ర్యాక్ నింపాలి, నేను రెండు అరలు నింపుతాను, ఖాళీ కనపడనివ్వను" అని బయ్యర్ భాషలోనే చెప్పండి. ఆ రెండు అరలు నింపడానికి కొత్త ఫార్ములా అక్కర్లేదు. మందార నూనె ఇప్పుడు 200 మిల్లీలీటర్లే ఉంది. 50 మిల్లీలీటర్ల చిన్న సీసా తెండి, ప్రయాణాలకీ, కొత్తగా వాడి చూద్దామనుకునేవాళ్ళకీ పోతుంది. షాంపూకి రీఫిల్ పౌచ్. సున్నిపిండికి చిన్న డబ్బా. దసరాకి మూడు కలిపి ఒక గిఫ్ట్ బాక్స్, అట్టపెట్టెలు బేగంబజార్‌లో 200 కావాలన్నా ఇస్తారు. ఫార్ములా అదే కాబట్టి చిన్న సీసా, పౌచ్ సరిపడుతున్నాయా అన్నది చూసుకుంటే చాలు, దాన్ని కూడా మీ ఆఫీసులో ఇవాళే మొదలుపెట్టండి. బయ్యర్ షీట్‌లో ఇవన్నీ వేరే వేరే కోడ్‌లే, ఆయన లెక్కలో మీవి తొమ్మిదో పదో రకాలవుతాయి. నేను బయ్యర్‌గా ఉండగా ఇలా అడిగిన ఒక తల్లీకూతుళ్ళకి కాదనలేకపోయాను.

22 షాపులూ వద్దు. ఆరు అడగండి. ఏ ఆరు అన్నది మీరే చెప్పండి: దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, ఏఎస్ రావు నగర్, ఉప్పల్ లాంటి చోట్లు. సున్నిపిండి పేరు చెప్తే అర్థమయ్యే ఇళ్ళున్నచోట. జూబ్లీహిల్స్ షాపు ఇస్తామని మురిపిస్తారు. అక్కడ పేరు బాగుంటుంది, మీ సరుకు పోదు. ఆరు షాపులకి మధ్య ఇద్దరు అమ్మాయిలని పెట్టుకోండి, శనివారం, ఆదివారం తప్పకుండా కౌంటర్ దగ్గర ఉండేలా. సున్నిపిండి నలుగులా కలుపుకుని చేతి మీద రాసి చూపించకపోతే ఆ డబ్బా ఎవరూ ముట్టుకోరు, ఇది నా కౌంటర్ అనుభవం.

కొత్త రకాలు రెండంటే రెండు ఇస్తానని చెప్పండి, అవీ వచ్చే ఉగాదికి. మొదటి ఆరు షాపుల్లో నెలనెలా ఎంత అమ్ముడైందో చూసుకుని ఒకదాని తర్వాత ఒకటి.

షరతుల్లో గట్టిగా పట్టాల్సింది రిటర్న్. పాత ఐదింటికి ఔట్‌రైట్ కొనుగోలు, అంటే వెనక్కి పంపకుండా కొనేయడం, అడగండి. కాదంటే రిటర్న్‌కి పరిమితి పెట్టించండి, బిల్లులో ఇంత శాతానికి మించి రాకూడదని. ఎక్స్‌పైరీకి ఆరు నెలలు మిగిలి ఉండగానే, అదీ నవంబర్ 30 గడువు లోపే వెనక్కి రావాలని రాయించండి, ఆ గడువు సంగతి పైన చెప్పాను కదా. మీ ఈమెయిల్ అంగీకారం లేకుండా డెబిట్ నోట్ వేయకూడదన్న ఒక్క వాక్యం ఉంటే ఎంత మిగులుతుందో ఏడాది తర్వాత తెలుస్తుంది. చెల్లింపు 45 రోజులు అడగండి. సున్నిపిండి, నూనె మీరే తయారు చేస్తున్నారు కాబట్టి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) తయారీదారుగా ఉంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం మీ పక్షాన ఉంటుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువు దాటి బాకీ పెట్టిన ఖర్చుని చెల్లించేదాకా ఆదాయంలో తగ్గించుకోవడానికి వీల్లేదని 2023లో ఆదాయపు పన్నులో పెట్టిన మెలిక తర్వాత పెద్ద చైన్ల అకౌంట్స్ వాళ్ళు ఈ మాట వింటున్నారు. మార్చిలో మరీ బాగా వింటారు. మొత్తం థర్డ్ పార్టీలో చేయించే సీరమ్‌లకి ఇదంతా వర్తిస్తుందో లేదో మీ సీఏని అడగండి, అక్కడ మిమ్మల్ని వ్యాపారి కింద లెక్కేసే ప్రమాదముంది.

ఇవన్నీ విని బయ్యర్ "అయితే ఈసారికి వద్దులెండి" అనొచ్చు. అంటారేమో కూడా. ఆ ర్యాక్ తీసుకున్నవాళ్ళు ఎవరైనా సరే, సంక్రాంతి దాటాక ఆ షాపుకి వెళ్ళి ఒకసారి చూసి రండి. మళ్ళీ ఫోన్ రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

చివరికి ఒకటి, మీరు ప్రశ్నలో ఎక్కడో మధ్యలో రాసి దాటేశారు: లిప్ బామ్ ఇసక ఇసకగా తగులుతోందని కొందరు కస్టమర్లు అంటున్నారని. 13 కొత్త రకాల కంటే నాకు అదే ముఖ్యంగా కనిపించింది. షియా బటర్ వాడుతున్నారు కదా. డెలివరీ వ్యాన్‌లో మధ్యాహ్నం కరిగి, రాత్రి మెల్లగా గడ్డకట్టినప్పుడు అందులో గట్టి కొవ్వు పలుకులు కడుతుంది. తయారీలో పూర్తిగా వేడి చేసి త్వరగా చల్లారిస్తే చాలావరకు తగ్గుతుంది, మైనం పాళ్ళు కూడా కాస్త మార్చాల్సి రావొచ్చు. ఒక పది బామ్‌లు తీసుకుని మీ కారు డాష్‌బోర్డ్ మీద మధ్యాహ్నమంతా ఉంచండి, రాత్రి ఇంట్లోకి తెండి, మర్నాడు మళ్ళీ కారులో. అలా వారం రోజులు. ఎనిమిదో రోజు మీ పెదాలకే రాసుకుని చూడండి.